పిలవని చుట్టం: ఒక కార్టూన్‌తో మూడు ఆదివారాల పాఠం

మా బడి మూడో స్థాయి తరగతిలో పద్నాలుగు మంది పిల్లలున్నారు. అక్షరాలు, గుణింతాలు అందరికీ వచ్చు. వత్తులు కూడా చాలావరకు పట్టుబడ్డాయి. "మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అని బోర్డు మీద రాస్తే తడుముకోకుండా చదువుతారు. కానీ వాళ్ళంతట వాళ్ళు "మీరు" అనగా నేను విన్నది తక్కువ. "అంకుల్, నువ్వు హోంవర్క్ ఇచ్చావా?" అంటారు. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లో అమ్మానాన్నా వాళ్ళతో మాట్లాడేది "నువ్వు తిన్నావా, నువ్వు పడుకో" అనే కదా! విన్నదే నోటికి వస్తుంది. మనం పెరిగిన ఊళ్ళో పాలవాడితో అమ్మ ఎలా మాట్లాడేదో, హెడ్మాస్టరుగారితో నాన్న ఎలా మాట్లాడేవారో రోజూ చెవిన పడుతుండేది. ఇక్కడ పాలు కాస్ట్‌కోలో దొరుకుతాయి. వాటితో మాట్లాడే పని లేదు.

పాఠ్యపుస్తకంలో ఏకవచనం, బహువచనం, గౌరవవాచకం అని ఒక పట్టిక ఉంది. దాన్ని నేను రెండు ఆదివారాలు చెప్పాను. పిల్లలు రెండు ఆదివారాలు ఆవలించారు. మూడో వారానికి వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఈ కార్టూన్.

దాని పేరు 'ద వాబిట్ హూ కేమ్ టు సప్పర్'. బగ్స్ బన్నీ బొమ్మ. వార్నర్ బ్రదర్స్ వాళ్ళు 1942 మార్చి 28న విడుదల చేశారు. దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్, కథ మైఖేల్ మాల్టీస్. కుందేలుకి గొంతు మెల్ బ్లాంక్‌ది, వేటగాడు ఎల్మర్ ఫడ్‌కి ఆర్థర్ క్యూ. బ్రయన్‌ది. నిడివి సుమారు ఎనిమిది నిమిషాలు. ఇన్నేళ్ళ తర్వాత దీన్ని బడిలో వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఇరవై ఎనిమిదేళ్ళకు కాపీరైటు రెన్యూ చేయించుకోవాలి. దీనికి ఎవరూ చేయించలేదు కాబట్టి పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేసింది. మా బడి బడ్జెట్ తెలిసినవాళ్ళకి ఈ సంగతి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

పేరులో ఉన్న చమత్కారం కూడా చెప్పాలి. జార్జ్ కాఫ్‌మన్, మాస్ హార్ట్ రాసిన 'ద మ్యాన్ హూ కేమ్ టు డిన్నర్' అనే నాటకం 1939లో బ్రాడ్వేలో పెద్ద హిట్టు. భోజనానికని వచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గర మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆ ఇంట్లోనే వారాల తరబడి తిష్ఠ వేసి అందరి ప్రాణాలూ తోడేస్తాడు. 1942లో వార్నర్ వాళ్ళే దాన్ని సినిమాగా తీశారు. ఆ వెంటనే అదే పేరుని వెక్కిరిస్తూ ఈ కార్టూన్ తీశారు. 'రాబిట్' బదులు 'వాబిట్' ఎందుకంటే ఎల్మర్‌కి 'ర' పలకదు.

ఇక కథ. ఎల్మర్ వేటకుక్కల్ని వేసుకుని కుందేలు వెంట పడతాడు. తీరా తుపాకి గురిపెట్టే సమయానికి టెలిగ్రాం వస్తుంది. వాళ్ళ అంకుల్ లూయీ తన మూడు మిలియన్ డాలర్ల ఆస్తి ఎల్మర్‌కి రాస్తున్నాడు. కానీ ఒక షరతు. ఏ జంతువుకి హాని చేసినా, ముఖ్యంగా కుందేళ్ళకి, పైసా దక్కదు. ఎల్మర్ కుందేలుని వదిలేసి సంతోషంగా పాడుకుంటూ ఇంటికొస్తే, ఆ కుందేలు ఇతని స్నానాలగదిలో షవర్ కింద నిలబడి పాట పాడుతూ ఉంటుంది! అక్కణ్ణించి అది ఆడింది ఆట. ఎల్మర్‌కి కోపం వచ్చినప్పుడల్లా ఫోను అందుకుని అంకుల్ లూయీకి చెప్తానని బెదిరిస్తుంది. ఎలాగో మాయచేసి బయటికి పంపి తలుపేస్తే, న్యుమోనియా వచ్చి చచ్చిపోతున్నట్టు గుమ్మంలో నటిస్తుంది. ఎల్మర్ లోపలికి తెచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుని జోల పాడతాడు. అంతలో ఇంకో ఉత్తరం. అంకుల్ లూయీ పోయాడు, ఆస్తి నీదే, కానీ పన్నులన్నీ పోగా నువ్వే ఇంకా 1 డాలరు 98 సెంట్లు బాకీ! ఇక చూడండి, ఇల్లంతా తరుముడు. చివరికి కుందేలు పీడ వదిలిందనుకునే సమయానికి తలుపు చప్పుడవుతుంది. పెద్ద ఈస్టర్ గుడ్డు. అది పగిలి బోలెడన్ని పిల్ల కుందేళ్ళు బయటికొచ్చి ఒక్క గొంతుతో "వాట్స్ అప్ డాక్" అంటాయి.

మొదటి ఆదివారం శబ్దం పూర్తిగా తీసేసి వేశాను. ఇది నేను కావాలని చేసిందే, ఇంట్లో మీరూ చేసి చూడండి. ఇంగ్లీషు వినబడితే పిల్లలు దాన్ని అనువాదం చేయడం మొదలుపెడతారు. వినబడకపోతే ఆ ఇద్దరూ ఏమనుకుంటున్నారో వాళ్ళే ఊహించి తెలుగులో చెప్పాలి. అక్కడే నాకు కావలసింది దొరికింది. ఇంగ్లీషులో ఎల్మర్ మొదటినుంచి చివరిదాకా కుందేలుని 'యూ' అనే అంటాడు. గొంతులో తేడా ఉంటుందేమో గానీ మాటలో ఉండదు. తెలుగులో అలా కుదరదు. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాడు నీకెవరో తేల్చుకోవాలి.

వేట దగ్గర పిల్లలకి ఇబ్బంది రాలేదు. "ఒరేయ్ కుందేలూ, రా బయటికి!" అన్నారు. ఎల్మర్‌కి 'ర' పలకదు కదా అని ఒకడు "ఒలేయ్ కుందేలూ, లా బయటికి!" అన్నాడు. క్లాసు పడీపడీ నవ్వింది. (నిన్నటిదాకా 'పళ్ళు'ని 'పల్లు' అన్నవాళ్ళే ఈ నవ్వినవాళ్ళు. నేనేం గుర్తుచేయలేదు.) టెలిగ్రాం రాగానే బొమ్మ ఆపి అడిగాను. ఇప్పుడూ "ఒరేయ్" అంటాడా? కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందు బెంచీలో అమ్మాయి మెల్లగా, "మీలు వెళ్ళండి సార్. నేను మిమ్మల్ని కొట్టను" అంది. రెండు ఆదివారాల పట్టిక చేయలేని పని మూడు మిలియన్ డాలర్లు చేసింది!

అక్కణ్ణించి ఆ మాటల వెంటే నడిచాం. ఇంట్లో దిగిన కుందేలు ఎల్మర్‌ని ఏమంటుంది? "నువ్వు" అంటుంది. "తువ్వాలు ఇవ్వు, తలుపు వెయ్యి" అంటుంది. ఇంటి యజమాని "మీరు" అంటుంటే చుట్టం "నువ్వు" అనడం. కథలో ఎవరిది పైచేయి అని నేను అడగనే లేదు, క్రియాపదాల చివర్లే చెప్పేశాయి. రెండో ఉత్తరం వచ్చాక మళ్ళీ "ఒలేయ్". ఈ ఒక్క మాట కోసం పిల్లలు ఎంతగా ఎదురుచూశారంటే, ఉత్తరం విప్పుతుండగానే పద్నాలుగు మందీ కలిసి అరిచారు. పక్క గదిలో బాలబడి టీచరుగారు కంగారుగా తొంగిచూశారు.

రెండో ఆదివారం పదాల పని. 'అంకుల్ లూయీ' దగ్గరే బండి ఆగింది. తెలుగులో ఆయన మామయ్యా, బాబాయా, పెదనాన్నా? మన పిల్లలకి బస్సు డ్రైవరు తప్ప అందరూ అంకుల్సే. ఆస్తి రాసిస్తున్నాడు కాబట్టి పెదనాన్న అయ్యుండాలని ఓట్లు పడ్డాయి. "మామయ్య అయితే వాళ్ళమ్మాయిని పెళ్ళి చేసుకోమని షరతు పెట్టేవాడు" అని వెనకనుంచి ఒక గొంతు వినబడింది. అది మా నాన్నగారిది.

ఆయన సంగతి చెప్పలేదు కదూ. ఏప్రిల్లో కాకినాడ నుంచి వచ్చారు. ఆరు నెలలు ఉండడానికి వీసా వాళ్ళు ఒప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కరే ఉండడం ఎందుకని నాతో బడికి వచ్చి వెనక కూర్చునేవారు. టెలిగ్రాం అంటే ఏమిటో పిల్లలకి చెప్పింది ఆయనే. ఇక్కడ వెస్టర్న్ యూనియన్ 2006లో ఆపేసింది, ఇండియాలో 2013 జులైలో ఆగిపోయింది. మా పిల్లలు దాన్ని చూసే అవకాశమే లేదు. "మాటకింత అని డబ్బు కట్టాలి. మా వీధిలోకి టెలిగ్రాం మనిషి వస్తే విప్పకుండానే ఏడుపులు మొదలయ్యేవి, ఎవరో పోయారని. వీడికేమో డబ్బొచ్చింది" అన్నారు ఎల్మర్‌ని చూపిస్తూ. ఆ మాట పట్టుకుని పిల్లలచేత పెదనాన్న టెలిగ్రాం తెలుగులో రాయించాను. తక్కువ మాటల్లో రాసినవాళ్ళకి చాక్లెట్. "ఆస్తి మూడు మిలియన్లు నీకే. కుందేలుని కొడితే పైసా రాదు." ఎనిమిది మాటలు. అదే సంగతి ఇంగ్లీషులో రాస్తే పదిహేను దాటాయి. తెలుగు చవక అని తేల్చారు.

'డాక్' మరీ కష్టమైంది. "వాట్స్ అప్ డాక్" అన్నమాట మొదట వినిపించింది 1940లో వచ్చిన 'ఎ వైల్డ్ హేర్'లో. దాని దర్శకుడు టెక్స్ ఎవరీ పుట్టింది మన టెక్సస్‌లోనే. ఇక్కడ డాలస్‌లో నార్త్ డాలస్ హైస్కూల్లో చదువుకున్నాడు. ఆ రోజుల్లో తమ ఊళ్ళో కుర్రాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు అలాగే పలకరించుకునేవాళ్ళమని ఆయనే చెప్పాడు. అంటే మనం అద్దెకుంటున్న ఈ గదికి కాస్త దూరంలో పుట్టిన పలకరింపు అన్నమాట! వైద్యానికీ దానికీ సంబంధం లేదు. మరి "ఏంటి విశేషాలు డాక్టరుగారూ" అంటే ఎలా? పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఈ చర్చలో చేరిపోయారు. కరీంనగర్ ఆయన "ఏం సంగతన్నా" అన్నారు. నెల్లూరు ఆవిడ "ఏంది సామీ" అన్నారు. విశాఖపట్నం కుర్రాడు "ఏం గురూ" అన్నాడు. చివరికి "ఏంటి సంగతి మాష్టారూ?" దగ్గర స్థిరపడ్డాం. బస్సులో పక్క సీటు మనిషిని మాష్టారూ అన్నంత మాత్రాన ఆయన పాఠాలు చెప్పక్కర్లేదు కదా. అందులో మర్యాద ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. కుందేలుకి సరిగ్గా సరిపోయింది. దాని నష్టం ఏమిటంటే ఆ వారం నుంచి నాకు ఎవరూ నమస్కారం పెట్టడం లేదు, క్యారెట్ కొరుకుతూ వస్తున్నారు.

1 డాలరు 98 సెంట్ల జోకు పిల్లలకి అందలేదు, పెద్దవాళ్ళకి బాగా అందింది. దానికి కొంచెం చరిత్ర చెప్పాను. 1941 చట్టంతో వారసత్వపు ఆస్తుల మీద పన్ను పై స్లాబులో 77 శాతానికి పెరిగింది. అది మరీ పెద్ద ఆస్తులకే అనుకోండి, మూడు మిలియన్లు మొత్తం ఊడ్చుకుపోయేంత కాదు. కానీ ఆ రోజుల్లో ఇన్‌కంటాక్స్ కట్టడానికి ఆఖరి రోజు ఏప్రిల్ 15 కాదు, మార్చి 15. బొమ్మ విడుదలైంది మార్చి 28న. హాల్లో కూర్చున్నవాళ్ళు అప్పుడే పన్ను కట్టి వచ్చినవాళ్ళు. అలాగే 1942లో ఈస్టర్ ఏప్రిల్ 5, వారం రోజుల దూరంలో ఉంది. కాబట్టే గుడ్డు. ఆ ఈస్టర్ మర్నాడే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, మా కాకినాడ మీద బాంబులు వేశాయి. మా తాతగారు చెప్పేవారట, ఊరు సగం ఖాళీ అయిందని, లోపలి పల్లెల్లో చుట్టాల ఇళ్ళు నిండిపోయాయని. ఆ వారంలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిలవని చుట్టాలో!

మూడో ఆదివారం అసలు మాట తీశాం. చుట్టం అంటే ఎవరు? సంస్కృతంలో 'అతిథి'కి తిథి చెప్పకుండా వచ్చేవాడని అర్థం చెప్తారు. ఫోను చేసి, ఫ్లైట్ నంబరు పంపి వచ్చేవాడు ఆ లెక్కన అతిథి కాడు. ఒక్క రాత్రి ఉండేవాణ్ణే అతిథి అనాలని మనుస్మృతి అంటుంది. ఆ లెక్కన కుందేలు కూడా కాదు. ఇక్కడ తెలుగులో మనవాళ్ళ తెలివి చూపించే మాటలు రెండు చెప్పాను. ఒకటి 'దయచేయండి'. గుమ్మంలో నిలబడి అంటే లోపలికి రండి అని. కాస్త గొంతు మార్చి "ఇక దయచేయండి" అంటే బయటికి పొండి అని. ఒకే మాటతో తలుపు తీయనూవచ్చు, వేయనూవచ్చు. రెండోది 'వెళ్ళొస్తాను'. మనవాళ్ళు "వెళ్తాను" అనరు, అపశకునం. వెళ్ళేవాడు తప్పకుండా "వెళ్ళొస్తాను" అనే అనాలి. పిలవని చుట్టం నోట ఈ మాట వింటే ఇంటాయనకి గుండె ఆగదూ? కుందేలు చివర్లో అదే చేసింది కదా, వెళ్ళింది, గుడ్డులో బోలెడుమందై వచ్చింది. ఇంగ్లీషు తీసినవాళ్ళకి తెలియకుండానే తెలుగు జోకు పడింది.

ఆ తర్వాత "మీ ఇంటికి వచ్చిన చుట్టం గురించి నాలుగు వాక్యాలు చెప్పండి" అన్నాను. కజిన్లు వచ్చారు, అంకుల్సు వచ్చారు. ఒక అమ్మాయి లేచి, "మా ఇంట్లో చుట్టం మా అమ్మమ్మ. ఆవిడ జులైలో వచ్చారు. గెస్ట్ రూంలో ఉంటారు. డిసెంబర్లో వెళ్ళిపోతారు" అంది. నాలుగు వాక్యాలూ తప్పు లేకుండా చెప్పింది. గౌరవవాచకం ఎక్కడా తప్పలేదు. నేను "చాలా బాగుంది" అని స్టిక్కర్ కూడా ఇచ్చాను.

ఇంటికి వెళ్తూ కారులో నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. హైవే దిగాక, "ఏరా, నేనూ మీ ఇంట్లో చుట్టాన్నేనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. "అదేం మాట నాన్నా" అన్నాను. ఆయన వెంటనే "ఆ పిల్ల ఎంత చక్కగా 'వచ్చారు, ఉంటారు' అందో చూశావా? నువ్వు మీ అమ్మని 'నువ్వు' అనేవాడివి, నన్ను 'మీరు' అంటావు. మా రోజుల్లో అంతే, నేనేమీ అనుకోలేదు. కానీ మీ అమ్మాయి 'తాతా, నువ్వు రా' అంటుంటే నాకు బాగుంది. నీ పాఠం దానికి మాత్రం చెప్పకు" అన్నారు.

మా అమ్మాయి ఆ తరగతిలోనే ఉంది. అప్పటికే పాఠం చెప్పేశాను. ఆ రాత్రి అన్నాల దగ్గర "తాతయ్యా, మీరు పెరుగు వేసుకుంటారా?" అని అడిగింది, నావైపు గర్వంగా చూస్తూ. నేను స్టిక్కర్ ఇవ్వలేదు. ఏం చెప్పాలో తోచలేదు. ఎల్మర్ 'మీరు' అన్నది ఇష్టం లేని చుట్టాన్ని కదా, 'మీరు' అంటే గౌరవమని నేనే బోర్డు మీద రాశాను కదా. ఈ రెండూ ఒకటి కావని పదకొండేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలి? చివరికి ఇలా చెప్పాను: తాతయ్యని ఏమనాలో తాతయ్యనే అడుగు. ఆయన్ని అడిగింది. ఆయన చెప్పారు. ఇప్పుడు బయటి తాతయ్యలందరికీ 'మీరు', ఈయనకి 'నువ్వు'. వ్యాకరణంలో దీనికి సూత్రం లేదు గానీ పిల్ల ఒక్కసారి కూడా పొరబడడం లేదు. మేము ఇంట్లో 'గెస్ట్ రూం' అనే గదికి అది ఒక కాగితం కూడా అతికించింది: "తాతయ్య గది". 'త'కి 'త' వత్తు ఇచ్చింది. దిద్దలేదు.

తల్లిదండ్రులకి ఒక సూచన. ఈ బొమ్మ వేసేటప్పుడు మరీ చిన్నపిల్లలుంటే తుపాకి దృశ్యాల దగ్గర పక్కన కూర్చోండి. మధ్యలో జులై నెలలో హఠాత్తుగా హ్యాపీ న్యూ ఇయర్ అంటూ ఇద్దరూ గంతులు వేసే చోట తప్పకుండా ఆపండి. ఎల్మర్ క్యాలెండర్ చూసి నాలిక కరుచుకునేలోపు, అదే మోసం ఉగాది పేరుతో చేస్తే ఎలా ఉంటుందో అడగండి. మా క్లాసులో దానికి అరగంట పట్టింది. ఒకడు ఎల్మర్‌చేత వేపపువ్వు కూడా తినిపించాడు.

ఈ పుస్తకం మీ చేతికి వచ్చిన సాయంత్రమే మా తరగతి దీన్ని నాటికగా వేస్తోంది. టెలిగ్రాం మనిషి వేషం నాన్నగారికి అనుకున్నాం, అది చూసినవాళ్ళు మాలో ఆయనొక్కరే కాబట్టి. కానీ అక్టోబర్లో ఆయన గడువు అయిపోయింది. ఎయిర్‌పోర్టులో "వెళ్ళొస్తాను" అని, "నిజంగానే అంటున్నానురోయ్" అన్నారు. ఆ వేషం ఇప్పుడు మా అమ్మాయి వేస్తోంది, ఆయన వదిలేసి వెళ్ళిన ఖాకీ టోపీతో. గుడ్డు ఫ్రిజ్ అట్టపెట్టెతో చేశాం. అందులో బాలబడి పిల్లలు తొమ్మిది మంది పడతారని లెక్క. చీకటికి ఎవరైనా ముందే ఏడిస్తే కంగారుపడకండి. గుడ్డు పగలగానే "ఏంటి సంగతి మాష్టారూ?" అని అందరూ ఒక్కసారే అనాలి. రిహార్సల్లో ఇద్దరు "మాష్టాలూ" అన్నారు. అది ఎల్మర్‌ది, కుందేలుది కాదు అని చెప్పాం. వినలేదు.